తీగ, పందిరి, నీళ్లు పోసిన చేతులు

మన ప్రబంధాల్లో స్త్రీకి 'లతాంగి', 'తీగబోడి' అనే పేర్లున్నాయి. తీగలాంటి ఒళ్లున్నది అని అర్థం. ఆ పోలిక నడుము సన్నదనంతో ఆగదు. తీగ అన్నాక ఏదో కొమ్మను పట్టుకోవాలి, లేకపోతే నేలమీద పడాలి. వర్ణన చాటున ఒక జీవితసూత్రమే చెప్పేశారు. దానికి జవాబుగా స్త్రీవాదులం "మేం తీగలం కాదు" అన్నాం. ఆ జవాబు అవసరమైనదే. కానీ తీగ గురించి వాళ్లు చెప్పినదాన్ని మనమూ నిజమని ఒప్పుకున్నామేమో అనిపిస్తుంది నాకు.

మా గోడ పక్కన రాధామనోహరం ఉంది. హైదరాబాద్ చలి దానికి ఒక లెక్క కాదు. డిసెంబర్‌లో ఆకు కాస్త పలచబడినా పచ్చదనం పోదు. వానాకాలంలో కొమ్మ ముక్క నాటితే బతికింది. మొదట్లో అసలు తీగలాగే లేదు, పొదలా సొంతంగా నిలబడింది. పాకడం తర్వాత మొదలుపెట్టింది. 17వ శతాబ్దంలో అంబోయినా దీవిలో మొక్కల గురించి రాసిన రంఫియస్ ఈ మార్పు చూసే దానికి 'క్విస్‌క్వాలిస్' అని పేరు పెట్టాడు. లాటిన్‌లో 'ఎవరు? ఎలాంటిది?' అని అర్థం. స్త్రీని తీగతో పోల్చిన కవులు ఈ రెండు ప్రశ్నల్లో ఒక్కటీ అడగలేదు.

రాధామనోహరం ఆకు రాలినా కాడ మొదలు మిగిలి, గట్టిపడి ముల్లవుతుంది. ఆ ముల్లుతోనే పందిరిని పట్టుకుంటుంది. నీళ్లు తన వేరుతోనే తెచ్చుకుంటుంది, ఆహారం తన ఆకుతోనే తయారుచేసుకుంటుంది. పందిరి నుంచి తీసుకునేది ఎత్తు ఒక్కటే. తీగలు చెట్లకంటే ఎంతో తక్కువ పదార్థంతో వెలుగును అందుకుంటాయని డార్విన్ 1875లో వచ్చిన పుస్తకంలో రాశాడు. మాను కట్టుకోవడానికి పెట్టాల్సిన సత్తువ ఆకుకీ పువ్వుకీ మిగులుతుంది. సాయంత్రం తెల్లగా విచ్చి, రెండుమూడు రోజుల్లో గులాబీ రంగు మీదుగా ఎరుపెక్కే ఆ గుత్తులు చూస్తే, దీన్ని అబల అనాలని ఎవరికి తోచిందో అర్థం కాదు.

మరి ఆసరా తీసుకోవడం తక్కువతనమా? నేను సిద్ధాంత గ్రంథం రాస్తున్న ఏళ్లలో మా పాపను అమ్మే చూసుకుంది. "తల్లి మీద ఆధారపడి చదివింది" అన్నారు బంధువులు. వేళకి అన్నం, ఉతికిన బట్టలు, గదిలో నిశ్శబ్దం అన్నీ అందుకుని పుస్తకాలు రాసిన మగవాళ్లను మాత్రం స్వయంకృషితో పైకొచ్చారంటాం. ఆసరా అందరికీ ఉంది. కొందరి పందిరి కనబడుతుంది, కొందరిది కనబడదు. కనబడని పందిరికే మనం స్వావలంబన అని పేరు పెట్టుకున్నాం.

అయితే తీగను సమర్థించి ఊరుకుంటే సరిపోదు. పందిరి వెదురుది. అమ్మ వెదురు కాదు. నేను గ్రంథం రాసిన ఆ ఏళ్లు ఆవిడవి కూడా. రాధామనోహరాన్ని చిన్న చెట్టు మీదికి వదిలితే దాని వెలుగంతా మూసేస్తుంది. అందుకే పూత అయ్యాక కత్తిరిస్తాను. పూలు కొత్త చిగురుకే పూస్తాయి కాబట్టి తీగకు నష్టమేమీ లేదు. మనుషుల మధ్య ఆ కత్తెర ఎవరి చేతిలో ఉండాలి? పట్టుకున్నవాళ్లు తమ బరువును తామే చూసుకోవాలి. మోసేవాళ్లకు ఇక మొయ్యలేనని చెప్పే హక్కుండాలి. ఈ రెండూ లేనిచోట ఆసరాను ప్రేమ అన్నా త్యాగం అన్నా అది దోపిడీయే.

కాళిదాసు శాకుంతలంలో వనజ్యోత్స్న అనే తీగ ఉంది. అది మామిడిని వరించిన పెళ్లికూతురట. అత్తవారింటికి బయల్దేరిన శకుంతల దాన్ని కౌగిలించుకుని అనసూయా ప్రియంవదలకు అప్పగిస్తుంది. మరి మమ్మల్నెవరికి అప్పగిస్తున్నావని వాళ్లు ఏడుస్తారు. ఏడవద్దని, శకుంతలకు ధైర్యం చెప్పాల్సింది మీరేనని కణ్వుడు వాళ్లను ఊరుకోబెడతాడు. ఆ అంకం తర్వాత నాటకంలో వాళ్లిద్దరూ మళ్లీ కనిపించరు. తీగ పెళ్లి గురించి ఇన్నాళ్లూ చాలా మాట్లాడుకున్నాం. ఆసరా గురించి మన ఆలోచన ఆ ఇద్దరూ అడిగిన ప్రశ్న దగ్గర మొదలుకావాలి.