జొన్న బెండు బండి

జొన్న కోతలైపోయాక మా పాలమూరు చేలల్లో మిగిలే దంట్లు పశువులకు మేత, మాకు కార్ఖానా. పైపేడు ఒలిచి, లోపలి తెల్ల బెండును ముక్కలు కోసి, ఒలిచిన పేళ్ళనే ఇరుసులుగా గుచ్చి బండి చేసేవాళ్ళం. ఆ పేడు పదును బ్లేడుకు తీసిపోదు, వేళ్ళు తెగేవి. చక్రం వంకరపోతే పారేసి ఇంకోటి. బెండుకు ఖరీదు లేదు, విరగ్గొట్టినందుకు తిట్టేవాళ్ళు లేరు. పొద్దుగూకేసరికి ఎడ్లబండి లారీ అయ్యేది, లారీ మళ్ళీ ముక్కలయ్యేది. అమ్మ అన్నానికి పిలిస్తే వినపడేది కాదు. పిల్లల ఆటలో నవ్వులాట తక్కువ. అంత శ్రద్ధగా జరిగే పనిని నేను ఏ ఆఫీసులోనూ చూడలేదు.

తర్వాత నాకూ ఆఫీసు వచ్చింది. ముప్పై ఏళ్ళలో నేను విప్పి చూసినది ఒక్కటీ లేదు. ఫైలు ఎట్లా వచ్చిందో అట్లాగే పంపాను.

అందుకే ఆసు యంత్రం చేసిన చింతకింది మల్లేశం గారి సంగతి తలచుకుంటే కొంచెం సిగ్గేస్తుంది. వారిది ఉమ్మడి నల్లగొండ జిల్లా, ఆలేరు దగ్గరి శారాజీపేట. పోచంపల్లి చీరకు రంగు నేతకు ముందే నూలుకు పడుతుంది. నూలుకు ముడులేసి, అంటే చిటికి కట్టి, రంగు అద్దాలంటే మొదట ఆసు పోయాలి. అంటే అర్ధచంద్రంలా బిగించిన మేకుల చుట్టూ దారాన్ని చేత్తో తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి, రోజుకు రెండు చీరలంటే 18,000. ఈ చాకిరీ ఎక్కువగా ఇంటి ఆడవాళ్ళదే. వాళ్ళమ్మ లక్ష్మి గారి భుజాలు ఆ పనికే అరిగిపోయాయి.

అవసరమే అన్నీ నేర్పుతుందంటారు. నాకు నమ్మకం లేదు. ఆ అవసరం తరతరాలుగా ప్రతి నేత ఇంట్లోనూ ఉంది, అందరి భుజాలూ నొచ్చాయి. ఆరో తరగతితో బడి మానేసిన మల్లేశం గారు చేసిందేమిటంటే, చేతి కదలికను ముక్కలుగా విడదీసి ఒక్కో ముక్కకు ఒక్కో యంత్ర భాగం తయారు చేయడం, పనికిరాకపోతే మళ్ళీ మొదలుపెట్టడం. 1992లో మొదలైన ఈ పని ఏళ్ళ తరబడి సాగింది. అప్పులయ్యాయి, ఊళ్ళో ఎగతాళి అయ్యింది. బతుకుదెరువుకు హైదరాబాద్ పోయి, 1999లో బాలానగర్‌లో ఏదో పనికి వెళ్ళినచోట ఒక యంత్రం కదలిక కంటపడితే, అంతవరకూ చిక్కుపడ్డ చివరి ముడి విడిపోయింది. చీర ఆసు గంటన్నరకు వచ్చింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు.

దాన్ని ఆట అనడానికి నాకు నోరు రాదు. అప్పుచేసి కొన్న సామాను బెండు కాదు, విరిగితే ఇంట్లో తిండికి తగులుతుంది. కానీ వంకరపోయిన చక్రాన్ని చూసి ఏడవకుండా ఇంకో దంటు కోసం చూసే గుణం ఉందే, అది పిల్లలదే. నష్టం తెలిసీ దాన్ని నిలుపుకోవడమే కష్టం.

ఇప్పుడు మాదాపూర్ ఆఫీసుల్లో టేబుల్ టెన్నిస్ బల్లలు వేస్తున్నారు, మంచిదే. ఆ పక్క గదిలోనే, చేసి చెడగొట్టినవాడికి ఆ ఏడు జీతం పెరగదు. ఇక బల్ల ఎందుకో!

ఈసారి జొన్న కోతలప్పుడు ఊరికి పోతే ఒక దంటు తెచ్చి పిల్లల చేతికివ్వండి. బండి మాత్రం మీరు చేసి పెట్టకండి.