జ్ఞాపకం ఎవరి సొత్తు?

పాత టెలివిజన్ పెట్టెల మీద మన మధ్యతరగతి వారికి ఈమధ్య మక్కువ పుట్టింది. ఒకప్పుడు పాతసామాన్ల బండివాడు తీసుకుపోతే చాలుననుకున్న వాటిని ఇప్పుడు వెతుక్కుని మరీ కొంటున్నారు. హైదరాబాదు ఎర్రగడ్డలో ఆదివారం సంతకు పోయేవారికి ఈ సంగతి కొత్త కాదు. నాలుగు కొయ్యకాళ్లుండాలి, ఇటూ అటూ జరిగే చెక్కతలుపులుండాలి, ఆ తలుపులకు తాళముండాలి, టకటకమని తిరిగే మీట ఉండాలి. అన్నిటికంటె ముఖ్యంగా పెట్టె చెక్కుచెదరకుండా ఉండాలి. గీతపడ్డ పెట్టె ఎవరికీ అక్కర్లేదు.

పోనీ చూడటానికా అంటే అదీ కాదు. ఇంటిమీది యాంటెన్నాతో ఆ పెట్టెలు అందుకోగలిగిన పాత పద్ధతి ప్రసారాలను దూరదర్శన్ 2022 నాటికి ఏవో కొద్ది కేంద్రాల్లో మినహా ఆపేసింది. మధ్యలో మరో యంత్రాన్ని తగిలిస్తే బొమ్మ వస్తుంది, లేకుంటే చుక్కలే. అయినా కొంటున్నారంటే, కొంటున్నది తాతగారి ఇంటిని. ఆ ఇంటి సావిడిని, సావిట్లో పరచిన చాపను, చాపమీద ఒకరినొకరు తోసుకుంటూ కూచున్న పిల్లలను కొంటున్నారు. ఇల్లు ఎప్పుడో అమ్ముడుపోయింది, చాప చిరిగిపోయింది, పిల్లలు తలొక దేశమూ పట్టారు. పెట్టె ఒక్కటే డబ్బుకు దొరుకుతున్నది.

ఇందులో నీతికి సంబంధించిన ప్రశ్న ఏమున్నదని పాఠకుడు అడగవచ్చు. ఒక మనిషి తన బాల్యాన్ని తియ్యగా తలచుకుంటే ఎవరికి నష్టం? జ్ఞాపకం అతని సొంతం. దానికతడు ఎవరికీ లెక్క చెప్పనక్కరలేదు. ఈ వాదం పైకి నిర్దోషంగానే కనిపిస్తుంది. అయితే ఆ సావిట్లో అతనొక్కడే లేడు. అదే గదిని, అదే సాయంకాలాన్ని మరి కొందరు మరొక చోట నిలబడి చూశారు. ఒకే ఇంటిని గురించి పదిమందికి పది జ్ఞాపకాలున్నప్పుడు, అందులో ఒకటి మాత్రమే "మన పాతరోజులు" అనే పేరుతో చలామణి అవుతున్నప్పుడు, జ్ఞాపకం సొంత వ్యవహారంగా మిగలదు.

మన అభ్యుదయ మిత్రుల్లో కొందరు దీన్నంతటినీ ఒక్కమాటతో తోసేస్తారు. కుళ్లిపోతున్న వర్గం వెనక్కి చూసుకుని ఏడుస్తున్నదనీ, దీనికింత చర్చ దేనికనీ అంటారు. నేను వారితో ఏకీభవించను. వెనక్కి చూసే ప్రతివాడూ పోయిన పెత్తనం కోసమే ఏడవడు. చచ్చిపోయిన నాయనమ్మ కోసం ఏడ్చేవాడూ ఉన్నాడు. ఆ దుఃఖాన్ని ఎగతాళి చేసే సిద్ధాంతం మనుషుల దగ్గరికి పోలేదు. మనం చెయ్యవలసిన పని వేరే ఉన్నది. ఆ ఏడుపులో నాయనమ్మ పాలు ఎంత, సావిట్లో పడకకుర్చీ పాలు ఎంత అని విడదీసి చూడాలి.

అందుకు ఆ "చెక్కుచెదరని" అనే మాట దగ్గరే మొదలు పెడదాం.

ఒక వస్తువు నలభై ఏళ్లపాటు చెక్కుచెదరకుండా ఎలా ఉంటుంది? చెమ్మ తగలని గోడవార ఉండాలి. దుమ్ము తుడిచే చెయ్యి ఉండాలి. ఆ చెయ్యి సామాన్యంగా యజమానిది కాదు. ఎవరుపడితే వారు మీట తిప్పకుండా కట్టడి ఉండాలి. పైగా ఆ పెట్టెల్లోని చిత్రనాళం వాడినకొద్దీ మందగించే వస్తువు. ఎలక్ట్రాన్లను వెదజల్లే భాగం గంటల లెక్కన అరిగి, బొమ్మ వెలుగు తగ్గుతూ వస్తుంది. ఇప్పటికీ బొమ్మ నిగనిగలాడుతున్నదంటే దాన్ని తక్కువగా వెలిగించారన్నమాట. మురిసిపోయి కొంటున్న ఆ తలుపులూ తాళమూ ఎందుకున్నాయో ఒక్కసారి ఆలోచించండి. దుమ్ముకు తలుపు చాలు. తాళం మనుషుల కోసం.

మా తాతగారింట్లో అటువంటి పెట్టె ఒకటి నా చిన్నతనం దాకా నడిచింది. తాళంచెవి నాయనమ్మ బొడ్లో ఉండేది గాని, తియ్యమనే మాట తాతగారిది. ఆయన పడకకుర్చీలో, చుట్టాలు బల్లమీద, పిల్లలం చాపమీద. పాలేరూ అతని భార్యా పిల్లలూ గడపకవతల వసారాలో నిలబడేవారు. వాళ్లను లోపలికి రావద్దని ఎవరూ అనగా నేను వినలేదు. అనవలసిన అవసరం లేకపోవడమే ఆ ఇంటి కట్టుబాటు బలం. మా పెదనాన్నగారి పిల్లలు ఇప్పుడు కలిసినప్పుడల్లా "అందరం కలిసి చూసేవాళ్లం" అంటారు. అది అబద్ధమేమీ కాదు. "అందరం" అన్న మాటలో గడప ఒకటి ఉన్నది, అంతే.

1867లో వెలువడిన "పెట్టుబడి" మొదటి సంపుటంలో సరుకుల మాయను గురించి మార్క్స్ చెప్పిన సంగతి విద్యార్థులకు తెలిసిందే. మనుషుల మధ్య ఉన్న సంబంధాలు వస్తువుల గుణాలుగా కనిపించడం ఆ మాయ. ఆయన అంగట్లోని సరుకును గురించి చెప్పినా, అంగడి వదిలి అటకెక్కి, అటక దిగి మళ్లీ అంగడికి వచ్చిన పెట్టెకు అది మరింత బాగా వర్తిస్తుంది. ఎవరు కూచున్నారు, ఎవరు నిలబడ్డారు, ఎవరు లోపల వంటచేస్తూ పాట మాత్రం విన్నారు అనే సంబంధాలన్నీ ఆ టేకుచెక్క మెరుపులో కరిగిపోయినాయి. మెరుపు వస్తువుదే అనుకుంటున్నాం.

పాట మాత్రమే విన్నవారి మాట చెప్పాలి. నాతో పనిచేసే ఒక అధ్యాపకుడు తమ పాత మండువా ఇంటిని గురించి వ్యాసం రాద్దామని తల్లిని అడుగుతుంటే నేను అక్కడ ఉన్నాను. ఆయన 'చిత్రలహరి' పాటల గురించీ, ఆదివారాల గురించీ ఎత్తుతున్నాడు. ఆమె కాసేపు విని నావైపు తిరిగి, "మీరంతా సావిట్లో కూచునేవాళ్లు నాయనా. నాకు ఆ ఇల్లంటే బావి చేదే గుర్తు. పద్ధెనిమిది మందికి నీళ్లు తోడేదాన్ని" అన్నది. కొడుకు నవ్వి, "అమ్మ ఎప్పుడూ ఇంతే" అన్నాడు. ఆవిడ చెప్పినదాంట్లో వ్యాసానికి పనికివచ్చే ముక్క ఏదీ ఆయనకు కనిపించలేదు. నన్నడిగితే వ్యాసమంతా అక్కడే ఉన్నది.

అదేకాలంలో అందరి చేతులూ తగిలిన పెట్టెలు కూడా మన రాష్ట్రంలో ఉండేవి. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరులో మొదలయింది. అంతకు రెండేళ్లు ముందే, 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు, ఉపగ్రహ బోధనా ప్రయోగం ఒకటి జరిగింది. అమెరికా నుంచి ఎరువు తెచ్చిన ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని 2400 గ్రామాలకు నేరుగా కార్యక్రమాలు ప్రసారం చేశారు. తెలుగులో కూడా ఇచ్చారు. పొద్దున బడిపిల్లలకు, సాయంకాలం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం, వినోదం. ఆ పెట్టెలను తయారుచేసినది హైదరాబాదులోని ప్రభుత్వరంగ సంస్థ ఇ.సి.ఐ.ఎల్. కోళ్లగూళ్లకు వాడేలాంటి తీగవలతో చేసిన పదడుగుల గొడుగు యాంటెన్నా, బడిలోనో పంచాయతీ ఆఫీసులోనో పెట్టె. ఏ ఒక్కరి సొత్తూ కాదు. అక్కడ మాత్రం ఊరి కులాలు కరిగిపోయినాయని నేననడం లేదు. బడి వసారాలో కూడా ఎవరెక్కడ కూచోవాలో ఊరికి తెలుసు. అయినా తాళంచెవి ఒక కుటుంబం బొడ్లో లేదు. ఏడాది తిరిగేసరికి ఉపగ్రహం తిరిగిపోయింది. చాలా ఊళ్లలో తెరలు ఆరిపోయినాయి. ఇవాళ సంతలో "తాతగారి పెట్టె" కావాలని అడిగేవారున్నారు గాని, "మా ఊరి బడి పెట్టె" అని అడిగినవాడు నాకింతవరకు తగల్లేదు. అందరిదీ అయిన వస్తువు అరిగిపోయి చెత్తలో కలిసింది. ఒకరిదైన వస్తువు పురావస్తువై కూచున్నది. చరిత్ర మిగుల్చుకున్న వస్తువుల్ని మాత్రమే చూసి గతాన్ని అంచనా కట్టేవాడికి, ఈ దేశమంతా తాతగార్లే ఉండేవారనిపిస్తుంది.

తుక్కయిన పెట్టెలు గాలిలో కలిసిపోలేదు. రాగి తీగచుట్టల కోసం వాటిని పగలగొట్టిన చేతులున్నాయి. ఆ గాజులో సీసం ఉంటుంది. దుమ్ము ఆ చేతులవారి ఊపిరితిత్తుల్లోకే పోయింది.

ఇంతా చెప్పి ఆ సావిట్లో మంచి ఏదీ లేదంటే అన్యాయమవుతుంది. 1987 జనవరి 25న 'రామాయణ్' ధారావాహిక మొదలయి 1988 జూలై దాకా నడిచింది. ఆదివారం పొద్దున హిందీ ముక్క రాని ఊళ్లు కూడా పెట్టె ముందు చేరినాయి. (దాని రాజకీయ ఫలితాలు వేరే వ్యాసానికి తగిన విషయం.) యాభై మంది ఒకేచోట ఒకేసారి నవ్వడం, ఒకేసారి ఊపిరి బిగబట్టడం మనుషులకు అవసరమైన సుఖం. ఇవాళ తలకొక ఫోను పట్టుకుని ఒకే ఇంట్లో నలుగురు నాలుగు మూలల్లో కూచున్నప్పుడు పోయినదేదో పోయిందనిపించడం సహజం, న్యాయం కూడా. కాని ఆ కలయిక దేనిమీద నిలిచిందో మరవకూడదు. ఊరికి ఒక పెట్టె ఉన్నది కనక కలిశారు. కొరత వాళ్లను కూడబెట్టింది, తాళం వాళ్లను వరసల్లో నిలబెట్టింది. ఆ పాలేరు కూతురు ఇవాళ తన ఫోనులో తనకిష్టమైన సినిమా చూసుకుంటున్నదంటే దాన్ని పతనమని నేననను. ఆమె గడపకవతల నిలబడనవసరం లేదు. కలిసి చూసే సుఖమూ, గడప లేని గదీ రెండూ ఒకేచోట కావాలని కోరేవాడు వెనక్కి చూసి లాభం లేదు. అటువంటి గది మన ఊళ్లలో ఇంకా కట్టలేదు.

ఇళ్ల సంగతీ ఇంతే. పాత ఇంటిని అపార్టుమెంటు కట్టేవాడి చేతికిచ్చినప్పుడు అన్నదమ్ములు గుమ్మం దగ్గర నిలబడి ఫొటోలు తీసుకుంటారు, కళ్లు తుడుచుకుంటారు. ఆ ఫొటోలో ఆడపడుచులు ఉంటారా? ఉన్నా, అతిథులుగా ఉంటారు. మన రాష్ట్రంలో కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో జన్మహక్కునిచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది; అదీ అప్పటికి పెళ్లికాని వారికి మాత్రమే. కేంద్రచట్టం 2005లో మారింది. పెట్టె సావిట్లోకి వచ్చిన ఆ సంవత్సరాల్లోనే ఎంతోమంది ఆడపిల్లలు అదే సావిడిలోంచి వాటా లేకుండా బయటికి నడిచారు. "మన ఇల్లు" అని అన్న అంటే సరిపోతుంది. చెల్లెలు ఆ మాట అనేముందు ఆగుతుంది. ఆ ఆగడాన్ని లెక్కలోకి తీసుకోని జ్ఞాపకం ఎంత అందంగా ఉన్నా పక్షపాతమే.

కనక పాత పెట్టెలు కొనవద్దని నేను చెప్పబోను. వాటిని బాగుచేసే పనివాళ్ల నేర్పు చూస్తే ముచ్చటేస్తుంది. ఎండిపోయిన కెపాసిటర్లు మార్చి, పగుళ్లిచ్చిన అతుకులకు మళ్లీ సీసం పోసి, చచ్చిన పెట్టెను లేపుతారు. ప్యానెల్ పోతే కొత్తది కొనుక్కోవడమే మేలని చెప్పే నేటి టెలివిజన్ల కాలంలో ఆ విద్య తెలిసినవారు తగ్గిపోతున్నారు. కొనేవారు ఆ పనివాడికి అడిగినంత ఇవ్వాలి, పెట్టె ఏ ఇంటినుంచి వచ్చిందో కనుక్కోవాలి, ఆ ఇంట్లో దాన్ని తుడిచినదెవరో కూడా అడగాలి.

మొన్న ఒక మిత్రుడు అటువంటిదొకటి కొన్నాడు. వెనక అట్ట విప్పితే లోపల చెక్కమీద పెన్సిలుతో రాసిన తేదీలు నాలుగు కనిపించాయి. ఎవరో రిపేరు పనివాడు వచ్చినప్పుడల్లా రాసుకున్నవి. చివరి తేదీ కింద బాకీ ముప్ఫై రూపాయలని ఉన్నది. పాలిష్ పట్టించేటప్పుడు దాన్ని గీకించెయ్యమంటావా అని మిత్రుడడిగాడు. ఉంచమన్నాను.