తెర నిండకపోతే నష్టమేమిటి?

పాత వీడియో టేపుని డీవీడీగా మార్చి ఇమ్మని అడిగేవాళ్ళు చాలామంది చివర్లో ఓ మాట చేరుస్తారు: "టీవీ నిండా వచ్చేట్టు చెయ్యండి." వినడానికి దర్జీకి చెప్పే కొలతలా ఉంటుంది. నన్నడిగితే అందులో ఒక ధర్మసందేహం ఉంది.

ముందు లెక్క చూద్దాం. పాత టీవీ బొమ్మ వెడల్పు 4 పాళ్ళయితే ఎత్తు 3. ఇప్పటి టీవీలో 16కి 9. ఆ బొమ్మతో ఈ తెర సంగతి తేల్చడానికి మామూలు దారులు మూడు. అడ్డంగా సాగదీస్తే మనుషులంతా మూడోవంతు లావెక్కుతారు. పైనా కిందా కోసేస్తే బొమ్మలో పావువంతు పోతుంది. ఉన్నదున్నట్టు ఉంచితే రెండు పక్కలా నల్ల పట్టీలు మిగులుతాయి.

చిత్రమేమిటంటే, అమెరికా డీవీడీలో బొమ్మ ఏ కొలతదైనా మామూలుగా దాచేది అడ్డం 720, నిలువు 480 చుక్కలే. దాన్ని ఎంత వెడల్పున చూపాలో ప్లేయరుకి చెప్పేది విడిగా రాసిపెట్టిన ఒక చిన్న గుర్తు. అందుకే సాగదీత పెద్ద ప్రమాదం కాదు. చాలాసార్లు రిమోటు మీద ఒక మీటతో మామగారు మళ్ళీ సన్నబడతారు. కోత అలా కాదు. కోసి, డీవీడీ చేసి, టేపు పారేస్తే పోయింది పోయినట్టే.

పోయేది అంచులేగా అంటారా? 2019లో డిస్నీ ప్లస్ మొదలైనప్పుడు 'ది సింప్సన్స్' కార్టూను పాత భాగాల్ని ఇలాగే కోసి వెడల్పు చేశారు. అందులో ఒక బీరు ఫ్యాక్టరీ కనిపిస్తుంది. మూడు పెద్ద తొట్లు, వాటి మీద మూడు రకాల బీరు పేర్లు. మూడింట్లోకీ సరుకొచ్చేది మాత్రం పైనున్న ఒకే గొట్టంలోంచి. హాస్యమంతా ఆ గొట్టంలోనే ఉంది. కోతలో తొట్లు మిగిలాయి, గొట్టం పోయింది. అభిమానులు గొడవచేస్తే 2020 మేలో పాత కొలతలో చూసే వీలు కల్పించారు.

మన పెళ్ళి టేపులకి ఇది మరీ కష్టం. మన పెళ్ళి నిలువు వ్యవహారం. జీలకర్రా బెల్లం తల మీద, తలంబ్రాలు తల మీంచి, మట్టెలు కాలివేళ్ళకి, అరుంధతి ఆకాశంలో. వెడల్పు తెర కోసేది సరిగ్గా తలల్నీ, కాళ్ళనీ.

ఆ మధ్య మాకు తెలిసినావిడ 1991 నాటి తన పెళ్ళి టేపు తెచ్చిచ్చింది. వాళ్ళ బాబాయి ఆ రోజంతా వంటల దగ్గరే ఉండిపోయారట. టేపు మొత్తంలో ఒక్కసారి, పదకొండు సెకన్లు, పీటల వెనక నిలబడి పైఅంచున కనిపిస్తారు. ఆయన ఇప్పుడు లేరు. కోసి చూస్తే తెల్లచొక్కా ఉంది, తల లేదు. రెండు రకాలూ చూపించాను. "అన్నయ్యగారూ, పట్టీలుంటే ఉండనివ్వండి, మా బాబాయిని ఉంచండి" అందావిడ.

పక్కనున్న వాళ్ళబ్బాయి ఊరుకోలేదు. "ఆ పదకొండు సెకన్లు వదిలేసి మిగతాది కోసుకోవచ్చుగా అంకుల్? కెమెరా అతను మాత్రం మండపంలో ఉన్నదంతా తీశాడా? ఆయనా కోసినవాడేగా!" అన్నాడు.

తీసిపారేయదగ్గ వాదన కాదది. ఆయన కోత ఒప్పూ, మన కోత తప్పూ ఎలా అయింది? నాకు తోచిన జవాబిది. కెమెరా పట్టినతను అక్కడున్న సాక్షి. ఏ సాక్షీ అన్నీ చూడలేడు. కానీ సాక్ష్యాన్ని తరవాత దిద్దేవాడు ఇంకో సాక్షి కాలేడు. పైగా, ఏది ముఖ్యమో ఏరాలంటే మనుషుల్ని గుర్తుపట్టాలి. పైఅంచునున్నది ఎవరో నాకు తెలియదు, ఆవిడ చెబితే తెలిసింది. కింద మూల చాప మీద కూచున్న చిన్నపిల్ల ఇరవయ్యేళ్ళ తరవాత ఎవరికి ముఖ్యమవుతుందో ఆవిడకీ తెలియదు. తెలియనప్పుడు చెయ్యి ఆపుకోవడమే న్యాయం.

ఇప్పుడు నాలుగో దారీ వచ్చింది. పక్కల ఖాళీని యంత్రమే ఊహించి గీస్తుంది. 1939 నాటి 'ది విజర్డ్ ఆఫ్ ఆజ్' సినిమాని 2025లో లాస్ వేగాస్‌లోని స్ఫియర్ తెర కోసం కృత్రిమ మేధ సాయంతో ఇలాగే పెంచారు. అది కట్టుకథ, ఇంకొంత కల్పన చేరితే సరదాయే. పెళ్ళి టేపుకి ఆ పని చేస్తే రాని చుట్టాలు వచ్చి కూచుంటారు. కోత ఉన్నవాళ్ళని దాస్తుంది, ఇది లేనివాళ్ళని పుట్టిస్తుంది. రెండోదే పెద్ద అబద్ధమని నా ఉద్దేశం.

ఊరొదిలి వచ్చినవాళ్ళకి ఈ జాగ్రత్త ఇంకాస్త అవసరం. అక్కడున్నవాళ్ళు అనుమానమొస్తే ఎదురింటి పెద్దమ్మని అడగొచ్చు. ఇక్కడి మన పిల్లలకి ఆ పెళ్ళంటే ఆ టేపే.

అలాగని తెర నింపుకోవడం నేరమనను. పదిమంది వచ్చినప్పుడు చూపించడానికి కోసిన కాపీ ఒకటి చేసుకోండి. దాని మీద 'కోసినది' అని రాయండి. పూర్తిది వేరే భద్రంగా దాచండి. నల్ల పట్టీని చూసి టీవీ పాడైందనుకునే చుట్టాలకి ఒక్క మాట చెబితే సరిపోతుంది: మాకు దొరికింది ఇంతవరకే, మిగతాది మాకూ తెలియదు అని.