లైటు ఆరాలా, గాలి నిండాలా?

టైరు మార్పించడానికి వెళ్తే నేను ఒకచోట కుదురుగా కూర్చోలేను. చక్రం ఊడదీసి మిషను మీదికి ఎక్కించేదాకా బాగానే ఉంటాను. ఆ తర్వాత కుర్రాడి భుజం మీంచి తొంగిచూస్తూ "లోపల సెన్సార్ ఉందబ్బాయ్, చూసుకో" అంటాను. కాసేపాగి మళ్ళీ అదే మాట. అతను విసుక్కోడు. "తెలుసు బాబాయ్, వాల్వు పక్కకి తిప్పే పెట్టా" అంటాడు. అయినా నా మనసు నిలవదు. సెన్సార్ ఖరీదైంది కాబట్టి ఈ ఆరాటం అని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. అందులో కొంత నిజముంది. మిగతాది ఏమిటో తేల్చుకోవాలనే ఇది రాస్తున్నాను.

మాది కొలకలూరు. తెనాలికీ దుగ్గిరాలకీ మధ్య, చుట్టూ మాగాణి. కోతల రోజుల్లో ట్రాక్టర్లు డొంకల్లోంచి తారురోడ్డు మీదికి మట్టిపెళ్ళల్ని మోసుకొస్తాయి. వాటితోపాటే ముళ్ళూ, మేకులూ వస్తాయి. పసుపు బస్తాలతో దుగ్గిరాల యార్డుకు పోయే బండ్లకు బరువెక్కువ. ఈ దారుల్లో టైరు సంగతి పట్టించుకోకుండా బండి నడిపినవాడు లేడు. మా నాన్న టైరు బండి కట్టేముందు చక్రాల చుట్టూ ఒకసారి తిరిగొచ్చేవాడు. వంగి, బొటనవేలితో నొక్కి, పక్కలు తడిమి చూశాకే ఎద్దుల మెడమీద కాడి పెట్టేవాడు. కారు కొన్న కొత్తలో నేనూ అలాగే చూసేవాణ్ణి. టైర్లో గాలి తగ్గితే డ్యాష్‌బోర్డు మీద లైటు వెలిగించే సెన్సార్లున్న కారు వచ్చాక ఆ అలవాటు పోయింది. నేనేమీ మానేయాలని మానలేదు. లైటు వెలగలేదు కదా, ఇక చూడ్డం దేనికి అనిపించింది, అంతే.

ఆ లైటు ఎందుకు పుట్టిందో తెలుసుకున్నాక ఆ ధీమా కాస్త కదిలింది. 2000 సంవత్సరంలో అమెరికాలో ఫైర్‌స్టోన్ కంపెనీ దాదాపు 65 లక్షల టైర్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. ఎక్కువగా ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకు వేసిన టైర్లవి. వేగంలో ఉండగా పైతొక్కు ఊడిపోయి బండ్లు పల్టీలు కొట్టాయి. 250 మందికి పైగా చనిపోయారు. లోపం టైర్లలోనే ఉందని ఒకరు, బండి తీరులో ఉందని ఇంకొకరు వాదించుకున్నారు. అయితే గాలి తక్కువున్న టైరు ఎక్కువ నలుగుతుంది, నలిగి వేడెక్కుతుంది, వేడికి పొరలు విడిపోతాయి అన్న విషయం మాత్రం అందరికీ కళ్ళకు కట్టింది. ఆ ఏడే చట్టం చేశారు. 2007 సెప్టెంబరు నుంచి అక్కడ అమ్మే ప్రతి కొత్త కారులో ఈ హెచ్చరిక లైటు తప్పనిసరైంది. మిషిగన్‌లో ఉండే మా అక్క కొడుకు "మావయ్యా, చలి ముదిరిన మొదటి పొద్దున మా వీధిలో సగం కార్లలో అదే వెలుగుద్ది" అంటాడు. చలికి లోపలి గాలి ముడుచుకుపోవడమే కారణం. అయిదారు డిగ్రీల వేడి తగ్గితే ఒక పాయింటు పడిపోతుంది. మన దగ్గరా అంతే. రోహిణికార్తెలో మధ్యాహ్నం పట్టించిన గాలి సంక్రాంతి తెల్లవారుజాముకు నాలుగు పాయింట్ల దాకా తక్కువ చూపించగలదు, ఎక్కడా పంక్చరు లేకపోయినా.

నన్ను నిలదీసింది ఇంకో సంగతి. ఆ అమెరికా చట్టం ప్రకారం, ఉండాల్సిన గాలిలో నాలుగో వంతు పోయాక లైటు వెలిగితే చాలు. అంటే ముప్పై మూడు ఉండాల్సిన టైరు ఇరవై అయిదుకు దిగేదాకా అది మాట్లాడకపోయినా తప్పులేదు. ముప్పైలో, ఇరవై ఎనిమిదిలో టైరు అంచులు అరుగుతూ, డీజిలు వృథాగా తాగుతూ తిరుగుతున్నా డ్యాష్‌బోర్డు ప్రశాంతంగానే ఉంటుంది. ఆ ప్రశాంతతని నేను ఆరోగ్యం అనుకున్నాను. ప్రమాదం అంచుకు వచ్చినప్పుడు పిలవడానికి పెట్టిన దాన్ని, రోజూ చూడాల్సిన పని నాకు తప్పించడానికి పెట్టారనుకున్నాను.

లైటు వెలిగినప్పుడు నాలో కలిగేదేమిటో కూడా గమనించాను. ఏ టైరుకు ఏమైందో అన్న ఆలోచన రెండోది. "దీన్ని ఎలా ఆర్పాలి" అన్నదే మొదటిది. చుట్టాల్లో ఒకరి కారులో టైరు లోపల సెన్సార్లు ఉండవు. బ్రేకుల కోసం పెట్టిన సెన్సార్లే చక్రం ఎంత వేగంగా తిరుగుతుందో చూసి, గాలి తగ్గిన చక్రం కాస్త చిన్నదై ఎక్కువసార్లు తిరుగుతుంది కనుక దాన్ని పట్టేస్తాయి. గాలి సరిగ్గా పట్టించాక ఒక మీట నొక్కి "ఇదీ కొలత" అని దానికి చెప్పాలి. గాలి పట్టించకుండా ముందే నొక్కితే ఆ తక్కువ గాలినే సరైనదిగా నేర్చుకుంటుంది. లైటు ఆరిపోతుంది. టైరు అలాగే ఉంటుంది. ఇది తెలిశాక నాకు భయం వేసింది. నా కారులో అలాంటి మీట ఉండి ఉంటే, పెళ్ళికి ఆలస్యమవుతున్న ఏ ఉదయమో దాని మీదికి నా వేలు వెళ్ళదని నేను ఒట్టు పెట్టలేను. నాకు కావలసింది గాలి కాదు, నెమ్మది. వెనక సీట్లో మనవరాలిని కూర్చోబెట్టుకుని తిరిగేవాడికి ఈ తేడా తెలియాలి.

ఇక ఆ కుర్రాడి సంగతి. అతని పని దగ్గరుండి చూసినకొద్దీ నా అనుమానానికి ఆధారం దొరకలేదు. టైరు అంచును డిస్కు నుంచి విడదీసే మిషను చెయ్యి వాల్వుకు దగ్గరగా దిగితే లోపలి సెన్సార్ పగులుతుంది. అందుకే వాల్వును దూరంగా తిప్పి పెట్టుకుంటాడు. ఎక్కించేటప్పుడు లెక్క వేరు. అంచు ఆఖరున బిగుసుకునే చోట సెన్సార్ పడకుండా వాల్వు ఎక్కడుండాలో చూసి మొదలుపెడతాడు. వాల్వు కింది రబ్బరు వాషరు పాతది మళ్ళీ వేయడు. అల్యూమినియం వాల్వులో మామూలు ఇత్తడి పిన్ను వేస్తే, తేమ తగిలి ఒక లోహం ఇంకోదాన్ని తినేసి రెండూ అతుక్కుపోతాయి. మా కాలవల ప్రాంతంలో తేమకు కొదవేముంది? అతను నికెల్ పూత ఉన్న పిన్నే వేసి, పైన ప్లాస్టిక్ మూత పెడతాడు. పంక్చరు పడకుండా టైర్లో పోసే జిగురు మందు అడిగితే "వద్దు బాబాయ్, సెన్సార్ రంధ్రం మూసుకుపోద్ది" అన్నాడు. ఇదంతా ఎవరు నేర్పారని అడిగాను. మొదట్లో ఒకరి చక్రంలో సెన్సార్ ఉందని ఎవరూ చెప్పలేదట. అది పగిలితే డబ్బు తనే కట్టుకున్నాడట. టైరు పైన లోపలి సంగతి తెలిపే గుర్తేమీ ఉండదు. చెప్పాల్సింది బండి తెచ్చినవాడే.

పట్నంలో కంపెనీ సర్వీసుకు ఇచ్చినప్పుడు నేనెవరి భుజం మీదా తొంగిచూడను. తాళాలు చేతికిచ్చి, చల్లటి గదిలో కూర్చుంటాను. అక్కడ నా చక్రం విప్పిన మనిషి ముఖం కూడా నాకు తెలియదు. ఇక్కడ, నా కళ్ళముందు, గ్రీజు చేతులతో పనిచేసే మనిషిని నమ్మలేకపోయాను. అతని చదువు, చొక్కా, రేకుల షెడ్డు చూసి తూకం వేశాను. లైటుకి ఇచ్చిన నమ్మకంలో కొంతైనా అతనికి ఇచ్చి, అతని మీద పెట్టిన అనుమానంలో కొంత లైటు మీద పెట్టి ఉండాల్సింది. రాయడానికి ఇబ్బందిగా ఉంది కానీ నా ఆరాటంలో మిగతా భాగం ఇదే.

సెన్సార్లూ, ట్యూబ్‌లెస్ టైర్లూ, పంక్చరు కిట్టూ ఉన్న కార్లకు స్టెప్నీ అక్కర్లేదని 2020లో కేంద్రం నిబంధన మార్చింది. అలాంటి బండి వేసుకుని రాత్రిపూట దుగ్గిరాల దాటాక టైరు పక్కగోడ చీలితే కిట్టు పనికిరాదు, ఇలాంటి కుర్రాడి నంబరే పనికొస్తుంది. నా కారుకు స్టెప్నీ ఉంది కానీ దాంట్లో సెన్సార్ లేదు. అది వేసుకుని కదిలితే లైటు ఒక నిమిషం పైచిలుకు మిణుకుమిణుకుమని, తర్వాత నిలకడగా వెలుగుతుంది. మిణికితే సెన్సార్ లేకపోవడమో, దాంట్లో లోపమో; మొదటినుంచీ నిలకడగా వెలిగితే గాలి తక్కువ. ఈ తేడా కూడా నాకు అతనే చెప్పాడు.

ఇప్పుడు బండి ఆపగానే నాలుగింట్లో సెన్సార్లున్నాయని చెప్పి, వాల్వు ఏది రబ్బరుదో ఏది లోహందో చూపించి, అదనంగా పట్టే సమయానికి తగ్గట్టు డబ్బిస్తున్నాను. ప్రయాణానికి ముందు, టైర్లు చల్లగా ఉండగా, గేజీ పెట్టి చూసుకుంటున్నాను. సెన్సార్ బ్యాటరీ విడిగా మార్చేది కాదు. అయిదు నుంచి పదేళ్ళకు అయిపోతే సెన్సారే మార్చాలి. నా కారుకు ఆ వయసు దగ్గరపడింది. వచ్చే టైర్లతోపాటు నాలుగూ మార్చేద్దామా అని అతన్నే అడిగాను. బ్యాటరీ ఎలా ఉందో చెప్పే మిషను ఉంటే చూసి చెప్పొచ్చు, ఊరికే డబ్బులెందుకు పోసుకోవడం అన్నాడు. ఆ మిషను కోసం చీటీ కడుతున్నాడట. పాడుకున్నాక నా బండే ముందు తెమ్మన్నాడు.