స్థలమూ స్థానమూ: నగర విపణిలో న్యాయ విచారణ

విస్తరిస్తున్న నగరంలో అంగడికి చోటు కేటాయించడం చదరపు గజాల లెక్కగా తేలిపోవడం పరిపాటి. ఆ లెక్కలో స్థలానికీ స్థానానికీ గల భేదం మరుగున పడుతుంది. బస్టాపు పక్కన తట్టలో ఆకుకూరలమ్మే స్త్రీకి అంతే వైశాల్యమున్న అరుగును ఊరి చివర ఇస్తే, కొలతలో ఆమెకు లోటు లేదు. బేరం మాత్రం పోయింది. ఆ మూలకు విలువ తెచ్చినది కట్టడం కాదు. ఏళ్ల తరబడి ఆమె అక్కడ కూర్చోవడం, ఇళ్లకు మళ్లేవారు అక్కడ ఆగడం.

2014 నాటి వీధి వ్యాపారుల చట్టం దీనిని కొంత గుర్తించింది. అమ్మేవారూ కొనేవారూ సంప్రదాయంగా చేరే చోటును సహజ విపణి అన్నది. దానిని విక్రయ నిషిద్ధ ప్రాంతంగా ప్రకటించరాదన్నది. అదే చట్టం వ్యాపారుల సంఖ్యకు జనాభాలో 2.5 శాతమన్న పరిమితినీ పెట్టింది. వాడుక వల్ల పుట్టిన హక్కుకు జనాభా లెక్క హద్దు ఎందుకవుతుందో సమర్థించడం కష్టం.

1999లో ఆరంభమైన రైతుబజార్లు దళారీని తప్పించి రైతుకు మేలు చేశాయి, సందేహం లేదు. కాని హైదరాబాదులో ఆ ప్రహరీ వెలుపల తోపుడు బండి నిలిపినవాడు రైతు కాడు గనుక లోపలికి అర్హుడు కాడు. దళారీ అనదగినంత పెట్టుబడీ అతనికి లేదు. కాలిబాట తనదనే పాదచారి వాదనా న్యాయమైనదే. అయితే ఆ వాదనను కాలిబాటపై నిలిపిన కార్లవైపు ఎవరూ అంత గట్టిగా ఎక్కుపెట్టరు.