ఇల్లు ఎవరిది? పేరు ఎవరిది?

అమెరికా దేశమందలి అరిజోనా రాష్ట్రములో టూసాన్ అను పట్టణము గలదు. అది సొనోరా ఎడారిలోనిది. 1854 వరకు ఆ ప్రాంతము మెక్సికో దేశమునకు చెందియుండెను. ఆ పట్టణపు నడిబొడ్డున, గొప్ప సభాభవనముల ప్రక్కన, ఒక పాత మట్టియిల్లు ఒంటరిగా నిలిచియున్నది.

దాని గోడలు పచ్చి ఇటుకలతో కట్టినవి. అనగా మట్టిని తడిపి తొక్కి, అచ్చులో పెట్టి, ఎండలో ఆరబెట్టిన ఇటుకలు. మట్టిగోడల నడుమ పెరిగిన మనకు ఈ పని క్రొత్తది కాదు. గోడ ఎంత మందమో లోపల అంత చల్లన. కప్పులో సగువారో అను ఎత్తయిన జెముడు చెట్టుయొక్క ఎండిన బద్దలు పరచియున్నవి. ఇంటి నడుమ గాలి ఆడుటకు వెడల్పైన నడవ కలదు. ఎడారిలో దొరకిన వాటితోనే ఎడారికి తగిన యిల్లు కట్టుకొనిరి.

ఆ స్థలము 1860లో సోసా కుటుంబము చేతికి వచ్చెను. 1878లో లియోపోల్డో కరీయో అను వర్తకుడు దానిని కొనెను. ఇప్పుడున్న యిల్లు 1880 ప్రాంతమునాటిది. కరీయో వంశీయులు ఎనుబది యేండ్లకు పైగా దానిని తమ సొత్తుగా ఉంచుకొనిరి. పిల్లలు పుట్టిరి, పెద్దలు గతించిరి. పొయ్యి చల్లారలేదు.

1960 తరువాత పట్టణపు పెద్దలు ఆ పాత పేటను పాడుపడినదని యెంచిరి. దానిని తొలగించి సభాభవనములు కట్టవలెనని 1966లో ఓటర్లు ఒప్పుకొనిరి. పిమ్మట సుమారు 80 ఎకరముల మేర ఇండ్లు, అంగళ్లు కూల్చివేయబడెను. మెక్సికో సంతతివారు, చైనావారు, నల్లజాతివారు కలిసి బ్రదికిన వీధులు నేలమట్టమాయెను. క్రొత్త భవనము 1971లో తెరువబడెను.

మరి ఈ యొక్క యిల్లు ఏల మిగిలెను? 1878 మొదలు 1881 వరకు అరిజోనాకు గవర్నరుగా నుండిన జాన్ ఫ్రీమాంట్ అను ప్రఖ్యాతుడు దానిని 1881లో కొంతకాలము అద్దెకు పుచ్చుకొనెనని చెప్పుకొనిరి. ఆ పేరు ఇంటికి రక్షణయాయెను. చాలాకాలము అది ఫ్రీమాంట్ ఇల్లనియే పిలువబడెను. అయితే ఆయన అక్కడ కాపురముండెననుటకు గట్టి సాక్ష్యము లేదని చరిత్ర నెరిగినవారు చెప్పుదురు. ఎనుబది యేండ్లు ఏలుకొన్నవారి పేరు మరుగునపడెను; వచ్చెనో రాలేదో తెలియనివాని పేరు గుమ్మముమీద వెలసెను!

ఇచ్చట మనలను మనము ఒక ప్రశ్న అడుగుకొనవలెను. తప్పు కారణముచేత జరిగిన మేలు మేలేనా?

మేలే అని కొందరందురు. గొప్పవాని పేరు లేకున్న ఆ గోడయు మిగిలియుండదు గదా! ఈ మాట నిజమే, దానిని త్రోసివేయలేము. ఆ పేట యిండ్లలో కొన్ని శిథిలమైయుండెననుటయు నిజమే. అయినను శిథిలమైన యింటిని బాగుచేయుట వేరు, అందులోనివారిని లేవగొట్టుట వేరు. గొప్పవాడు నిదురించిన గది విలువైనది, కూలివాడు బ్రదికిన గది విలువలేనిది అను తలంపే మొదటి పొరపాటు. ఆ తలంపు ఒక యింటిని కాచెను. ఆ తలంపే ఒక పేటను కూల్చుటకు చేయి కలిపెను.

కాబట్టి మిగిలిన దానికొరకు సంతోషించుట తప్పు కాదు. అయితే మిగిలినదానికి ఒక ఋణము గలదు. కూలిన యిండ్లు మాటలాడలేవు. నిలిచిన యిల్లు వాటి పక్షముగా సాక్ష్యము పలుకవలెను. టూసాన్ వారు కొంత ఆలస్యముగానైనను ఆ ఋణము తీర్చ మొదలిడిరి. సోసా, కరీయో అను పేర్లు ముందుకు వచ్చెను. ఇప్పుడది మెక్సికన్ అమెరికనుల చరిత్రను చూపు ప్రదర్శనశాలగా నున్నది. సత్యము చెప్పుట యనగా ఒక పేరును చెరిపి మరియొకటి వ్రాయుట మాత్రమే కాదు. ఎవరిని ఎక్కడ నిలుపవలెనో అక్కడ నిలుపుట.

చదువరీ, నీ ఊరి గుడియొద్దనో బడియొద్దనో ఉన్న శిలాఫలకమును ఒకసారి చూడుము. ప్రారంభించినవారి పేరు, విరాళమిచ్చినవారి పేరు అందుండును. పునాది త్రవ్వినవారి పేరు, నెత్తిన మట్టితట్ట మోసిన తల్లుల పేరు అందున్నదా? వారిలో ఎవరైన ముసలివారు ఇంకను బ్రదికియున్న యెడల, నేటి సాయంత్రమే వారి అరుగుమీద కూర్చుండి అడుగుము. వారు చెప్పినది పిల్లలకు చెప్పుము. రాతిమీద చోటు లేకున్నను, మన నోట వారికి చోటుండనిమ్ము.