కనిపించని చేతులు

వర్జీనియాలో కొండమీద జెఫర్సన్‌గారి ఇల్లు మాంటిచెల్లో చూశాను. 1776లో మనుషులంతా సమానమేనని రాసిన పెద్దమనిషి! భోజనాల గదిలో పొయ్యి పక్కన చిన్న తలుపు తీస్తే, నేలమాళిగలోంచి వైన్ సీసా దానంతటదే వచ్చినట్టు పైకొస్తుంది. అరలు బిగించిన మరో తలుపు గిర్రున తిరిగితే వంటకాలు లోపలికి! ఎంత తెలివండీ అనుకుంటాం. కింద సీసా పెట్టిన మనిషి మాత్రం అతిథుల కంట పడడు. అతను బానిస. దొరగారి జీవితకాలంలో అలాంటివాళ్లు 600 పైచిలుకు. ఆయన 1826లో పోతే, అప్పులు తీర్చడానికి 1827 జనవరిలో 130 మందిని వేలానికి పెట్టారు.

"ఆ కాలమే అలాంటిది లెండి" అని సర్దిచెబుతారు. నాకు ఒప్పబుద్ధి కాదు. బానిసత్వం తప్పని ఆయనే రాశాడు కదా! తెలియనివాడికైతే కాలం సాకవుతుంది. తెలిసినవాడి ఇంట్లో ఆ తిరుగుడు తలుపెందుకో?